అమ్మ వద్దన్న నీళ్ళు

ఇంట్లో ఎవరికైనా పక్షవాతం వచ్చి మాట పోతే, వాళ్ళ మంచం పక్కన కూర్చునేవాళ్ళు చదవాలని ఇది రాస్తున్నాను. వైద్యం సంగతులు నాకు తెలియవు. పడిపోయిన చెయ్యి ఎలా లేస్తుందో, ఏ నూనెతో మర్దన చేయాలో చెప్పేవాళ్ళు వీధికి నలుగురున్నారు. నేను చెప్పేది చెవుల గురించి. ముఖ్యంగా నా చెవుల గురించి.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటర్ని. పదకొండేళ్ళుగా తలకి హెడ్‌ఫోను తగిలించుకుని ట్రంకు కాల్స్ కలుపుతున్నాను. గాలివాన రోజున లైన్లో గరగర తప్ప ఏమీ వినపడకపోయినా, అవతలివాళ్ళు ఒరియా యాసలో చెప్పినా, మార్వాడీ యాసలో చెప్పినా, నంబరు రెండోసారి అడిగేదాన్ని కాదు. కొత్తగా చేరిన అమ్మాయిలకి మా సూపర్‌వైజరు గారు, "సుశీల దగ్గర కూర్చుని వినడం నేర్చుకోండి" అనేవారు. అంత మిడిసిపాటున్న చెవులతోనే కన్నతల్లి మాటని పది రోజులపాటు తప్పు విన్నాను. ఆ పది రోజుల్లో అమ్మ పోయి ఉంటే, ఈ పాటికి నేను ఉద్యోగం మానేసి ఉండేదాన్ని.

ఎనభై నాలుగు, మే నెల

ఆదివారం పొద్దున్న అమ్మ పెరట్లో కోళ్ళకి నూకలు చల్లుతూ కూలిపోయింది. ఆ ఇంట్లో అమ్మా, మా తమ్ముడు నాగేసూ ఉంటారు. నేను పెళ్ళయ్యాక కూడా ఆ వైజాగ్ పాతూళ్ళోనే, రెండు సందుల అవతల కాపురం పెట్టాను. నాగేసు నోట్లో పళ్ళపొడితో నా గుమ్మం దాకా పరుగెత్తుకొచ్చాడు. నేను వెళ్ళేసరికి అమ్మ చీర కుచ్చిళ్ళ మీద పడ్డ నూకల్ని కోళ్ళు తీరిగ్గా ఏరుకుంటున్నాయి. అమ్మ నోరు ఓ పక్కకి లాగేసి ఉంది. కుడిచెయ్యి తనది కానట్టు పక్కన పడి ఉంది. కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి.

పెద్దాసుపత్రి వరండాలో తొమ్మిది రోజులు గడిపాను. వరండా అంటే అదొక ఊరు. అక్కడ చాపల మీద కాపురాలుంటాయి, పొద్దున్నే పళ్ళు తోముకోవడాలుంటాయి, ఎవరి కారియర్లో ఏం కూర వచ్చిందో అందరికీ తెలుస్తుంది. పరవాడ నుంచి వచ్చిన ఒకావిడ, భర్తకి ఏమవుతుందో తెలియని మనిషి, నాకు రోజూ ఒక ఇడ్లీ మిగిల్చి పెట్టేది. తిననంటే తిట్టేది. ఆమె పేరు కూడా అడగలేదు నేను.

వార్డులో ఆయా అప్పయ్యమ్మకి అమ్మంటే మొదటిరోజే ముచ్చట పుట్టింది. "ఏటమ్మా, మీయమ్మ దొరసానేటి? జుట్టు సూడు, పట్టుకుచ్చులాగుంది" అని తలదువ్వి జడేసేది. నేను "అవును, రష్యావిడ" అని చెప్పలేదు. చెప్పకూడదని అమ్మ నాచేత ఒట్టు వేయించుకుంది. ఆ ఒట్టు కథ చెప్పాలంటే ముందు అమ్మ కథ చెప్పాలి.

మా అమ్మ పేరు వేరా. మా మామ్మ, అంటే నాన్న తల్లి, కోడలు వాల్తేరు స్టేషన్లో రైలు దిగిన గంటలోనే ఆ పేరుని "వీరమ్మ" చేసేసింది. యుద్ధంలో జర్మనీవాళ్ళు అమ్మని పదిహేడేళ్ళప్పుడు ఊళ్ళోంచి పట్టుకుపోయి ఫ్యాక్టరీలో చాకిరీ చేయించారు. యుద్ధం ముగిశాక కాందిశీకుల శిబిరంలో పడింది. అక్కడికి లారీలు వచ్చేవట, మీ దేశానికి తీసుకుపోతామని. అలా వెళ్ళినవాళ్ళ దగ్గర్నుంచి ఒక్క ఉత్తరం ముక్క కూడా రాలేదట. ఒకరోజు ఒక ఆఫీసరు వచ్చి, వరసలో నిలబెట్టి, రష్యన్‌లో పలకరించుకుంటూ వెళ్ళాడు. తల తిప్పినవాళ్ళని లారీ ఎక్కించాడు.

"నాను తల తిప్పనేదు," అనేది అమ్మ. ఆ మాట చెప్పేటప్పుడు ఎన్నేళ్ళయినా మెడ బిగపట్టేది. "నా పక్కన పోలండు ఆడమనిసుండీది. ఈ పిల్ల మా వోళ్ళ పిల్లే అనీసింది. ఆడు నా మొకం సూసి ఎల్లిపోనాడు."

అక్కడినుంచి ఇంగ్లండు చేరి ఒక ఆసుపత్రిలో నేలలు తుడిచే పనికి కుదిరింది. నాన్న ఇక్కడి షిప్‌యార్డులో ఫిట్టరు. పని నేర్చుకు రమ్మని అక్కడికి పంపితే, నేర్చుకోవలసింది నేర్చుకోకుండా కడుపునొప్పితో ఆ ఆసుపత్రిలోనే పడ్డాడు. మిగతా సంగతి నాన్న ఎప్పుడూ సరిగ్గా చెప్పేవాడు కాదు, సిగ్గుపడేవాడు. యాభై ఒకటిలో ఇద్దరూ ఓడ దిగి, రైలెక్కి, వైజాగ్ వచ్చేశారు. మరుసటేడు నేను పుట్టాను, చాలా ఆలస్యంగా నాగేసు పుట్టాడు. మాకు వచ్చినవి పిల్లికళ్ళే. భాష రాలేదు. అమ్మ మాకు ఒక్క ముక్క నేర్పలేదు. "ఆ మాటొస్తే ఎప్పుడో ఒకనాడు తల తిప్పీస్తారు" అనేది.

తెలుగు మాత్రం గట్టిగా పట్టింది. ఎక్కడ? కుళాయి దగ్గర, చేపల బుట్టల దగ్గర, మామ్మ తిట్ల దగ్గర. డెబ్బైల్లో అమ్మని వెంటబెట్టుకుని బజారుకి వెళ్ళడమంటే నాకు పెద్ద సరదా. తెల్లగా, పొడుగ్గా, నేతచీరలో నడుస్తుంటే జనం ఆగిపోయి చూసేవారు. అమ్మ గిరుక్కున తిరిగి, "ఏటి సూత్తన్నావు? నానేటి సర్కసు సింహాన్నా?" అనేది. ఆ మనిషి నోరు తెరిచి అలాగే ఉండిపోయేవాడు. చేపలమ్మే ఆడవాళ్ళు పగలబడి నవ్వి, గంపలో మంచి చేప తీసి అమ్మ సంచిలో పడేసేవారు. డెబ్బై ఏడులో నాన్న పోయినప్పుడు కూడా ఆ వీధి ఆడవాళ్ళతో సమానంగా, వాళ్ళ మాటల్తోనే, వాళ్ళ రాగంతోనే ఏడ్చింది.

అమ్మకి ప్రాణస్నేహం పక్కింటి జైతూన్ పిన్నితో. పిన్ని భర్త ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు. అమ్మ వచ్చిన కొత్తలో ఇద్దరికీ కలిసిన మాట ఒక్కటే, చాయ్. రష్యాలో కూడా దాన్ని చాయ్ అనే అంటారట. ఆ ఒక్క మాట మీద ముప్పై ఏళ్ళ స్నేహం నడిచింది. రోజూ మూడు గంటలకి గోడకి అటు పిన్ని, ఇటు అమ్మ, గాజు గ్లాసుల్లో చాయ్. పంచదార వేయకుండా, మామిడి తాండ్ర ముక్క కొరుక్కుంటూ తాగడం అమ్మ అలవాటు. పిన్నికి కూడా అంటించింది. గోడకి కింద ఒక కంత ఉండేది. రెండిళ్ళ కోళ్ళూ అందులోంచి అటూ ఇటూ తిరుగుతూ ఎవరివి ఎవరివో తెలియకుండా పోయాయి.

ఇక ఒట్టు సంగతి. స్టీలు ప్లాంటు కట్టడానికి రష్యా ఇంజనీర్లు ఊళ్ళోకి వచ్చిన కొత్తలో, మార్కెట్లో వాళ్ళ ఆడవాళ్ళు కనపడసాగారు. వంకాయలమ్మే మనిషి కూడా "ఎంత" అనడానికి "స్కోల్కో, స్కోల్కో" అంటూ వాళ్ళ మాట నేర్చేసుకుంది. ఒకరోజు అమ్మా నేనూ కూరలు బేరమాడుతుంటే వెనకనుంచి ఇద్దరు రష్యా ఆడవాళ్ళు మాట్లాడుకుంటూ వచ్చారు. అమ్మ తల తిప్పలేదు. కొంగు ముసుగేసుకుని అరటి గెలల వెనక్కి వెళ్ళి నిలబడింది. వాళ్ళు వెళ్ళిపోయాక నా చెయ్యి తీసి తన తలమీద పెట్టుకుంది. "నా గురించి ఆళ్ళకి ఎవులూ సెప్పకూడదు. నాను సచ్చిపోతన్నా సెప్పకూడదు." నాకు నవ్వొచ్చింది. ముప్పై ఏడేళ్ళ తరవాత వైజాగ్ మార్కెట్టుకి ఏ లారీ వస్తుందని? అయినా ఒట్టు వేశాను.

ఆసుపత్రిలో అయిదో రోజు

గురువారం అమ్మ నోరు విప్పింది. ముద్ద ముద్దగా ఏవో మాటలు. ఒక్కటీ అర్థం కాలేదు. డాక్టరు గారు విని, తరవాత నేర్చుకున్న భాష పోయి చిన్నప్పటిది మిగిలినట్టుంది, ఇలా అరుదుగా జరుగుతుంది, మెల్లగా రావచ్చు అన్నారు. "మీలో ఎవరికైనా ఆవిడ భాష వచ్చా?" అని అడిగారు. నేనూ నాగేసూ తల అడ్డంగా ఊపాం.

సాయంత్రం సెలైన్ సీసా తీసేశాక గ్లాసుతో నీళ్ళు పట్టాను. అమ్మ గ్లాసుని చూసి, "వద్దా... వద్దా" అంది. ఎడమచేత్తో గ్లాసుని తోసేసింది. నీళ్ళన్నీ పక్క మీద పడ్డాయి.

నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. వద్దు అంది! తెలుగులో అంది! అంతా పోయిందనుకున్న చోట ఒక తెలుగు మాట మిగిలింది. వరండాలోకి పరుగెత్తి పరవాడ ఆవిడకి చెప్పాను. ఆమె దణ్ణం పెట్టుకుంది. అప్పయ్యమ్మ, "నీరు ఒద్దంటే ఒగ్గీండి, తరవాత తాగుతాది" అంది.

మర్నాడు ఇంకో మాట దొరికింది. "పీత్... పీత్" అంది. మాకు ఇంకా హుషారు. అమ్మకి పీతల ఇగురంటే ప్రాణం. నాగేసు సైకిలేసుకుని ఫిషింగ్ హార్బరుకి పోయి బతికున్న పీతలు తెచ్చాడు. మా ఆయన ఇంట్లో కూర్చుని వాటి కాళ్ళు విరిచాడు. నేను కారం లేకుండా పలచని రసంలా కాచి ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. ఒక చెంచా నోటికందించగానే అమ్మ మొహం తిప్పేసి, "పీత్... వద్దా, వద్దా" అని ఏడ్చింది.

"పీత కావాలంది, తీరా తెస్తే ఒద్దంటంది. సిన్నపిల్లయిపోనాది," అన్నాడు నాగేసు. ఆ పీతల రసం వరండాలో అందరం పంచుకు తాగాం. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా మొహం కాలుతోంది.

మూడో మాట ఇంటికి తెచ్చిన రోజున. మంచం పక్కన స్టూలు మీద నీళ్ళ చెంబు పెట్టాను. అమ్మ దానికేసి చూస్తూ, "దాయ్! దాయ్!" అని అరిచింది. దాచమంటోంది. కళ్ళకి కనపడకూడదంటోంది. నేను చెంబు తీసుకెళ్ళి వంటింట్లో తలుపు వెనక దాచేశాను. అమ్మ ఆ తలుపు వంకే చూస్తూ ఉండిపోయింది.

ఇంట్లో అయిదు రోజులు

ఎండలు మండిపోతున్నాయి. ఓడరేవు వైపునుంచి వచ్చే గాలి కూడా వేడిగా ఉంది. రోజుకి ఒక పెద్ద చెంబెడు నీళ్ళయినా కొంచెం కొంచెంగా పట్టాలని డాక్టరు గారు మరీ మరీ చెప్పారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ రాత్రిళ్ళు మళ్ళీ సెలైన్ ఎక్కించి నెట్టుకొచ్చారు. ఇంట్లో అదీ లేదు. అమ్మ నిద్రమత్తులో ఉన్నప్పుడు దూదితో పెదాలు తడిపి, నాలుగు చెంచాలు జార్చేదాన్ని. మెలకువ వస్తే చాలు, చెయ్యి విసరడం, "వద్దా" అనడం, ఏడవడం. పెదాలు పగిలి నెత్తురు వచ్చింది. శుక్రవారం డాక్టరు గారు వచ్చి చర్మం లాగి చూశారు. "ఇలా ఇంకొన్నాళ్ళుంటే మనిషి దక్కదమ్మా. సోమవారం తీసుకొచ్చేయండి, ముక్కులోంచి గొట్టం వేస్తాం. అది కూడా ఆవిడ లాగేసుకుంటే నేనేం చేయలేను," అన్నారు.

ఆ మధ్యాహ్నం నేను ఒక పని చేశాను. అమ్మ ముక్కు మూసి, నోరు తెరిపించి, నీళ్ళు పోశాను. పొలమారి నీలంగా అయిపోయింది. నాగేసు నన్ను జబ్బ పట్టుకుని లాగేశాడు.

"సంపేత్తావేటి? అమ్మ ఒద్దంటంది గదే అక్కా! వారం రోజుల్నుంచి ఒకటే మాట. నాన్న కాడికి ఎల్లిపోవాలనుందేమో. ఎల్లనీ. బలవంతం సెయ్యకు."

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

"నాను దాని కొడుకుని. దాని మాట ఇంటన్నాను. నువ్వే ఇంటన్నేదు," అన్నాడు. వాడూ ఏడుస్తున్నాడు.

ఆ మాట నాకు తగలవలసిన చోట తగిలింది. వినడం నా వృత్తి. అమ్మ చావాలనుకుంటోంది, అది నాకు వినపడుతోంది, నేనే ఒప్పుకోవడం లేదు అనిపించింది. అంత భయం నా జన్మలో పడలేదు. మనిషి పోతుందన్న భయం ఒకటి. పోవాలని తనే కోరుకుంటోందన్న భయం ఇంకొకటి. రెండోదే ఎక్కువ కోసేసింది.

శనివారం నాగేసే దారి చెప్పాడు. వాడు స్టీలు ప్లాంటు సైటులో పనిచేస్తున్నాడు. "మా కాడ రష్యావోళ్ళ దుబాసీ ఉన్నాడక్కా. ఆడూ రష్యావోడే, హిందీ వొచ్చు. మంచోడు. ఒక్కసారి తీసుకొస్తాను. అమ్మ మనసులో ఏటుందో అడిగిద్దాం. ఒద్దనే అంటే ఇంక ఒగ్గీద్దాం."

"ఒట్టేశానురా," అన్నాను.

"నాను ఎయ్యనేదు గదా."

ఆ పగలంతా ఆలోచించాను. రష్యా మనిషి గుమ్మంలో నిలబడి రష్యన్‌లో పిలిస్తే, ఈ స్థితిలో అమ్మ తల తిప్పుతుంది. తప్పకుండా తిప్పుతుంది. ముప్పై తొమ్మిదేళ్ళు బిగపట్టుకున్న మెడ. అది చూసిన భయంతోనే ప్రాణం పోవచ్చు. పిలవకపోయినా పోతుంది. చివరికి "తీసుకురా" అన్నాను. ఆదివారం పది గంటలకని అనుకున్నాం.

ఆదివారం

ఎనిమిది గంటలకి జైతూన్ పిన్ని వచ్చింది. కూతురి పురుడని బొబ్బిలి వెళ్ళి నలభై రోజులు అక్కడే ఉండిపోయింది. ఆవిడకి కబురు చేయాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. పాసింజరు బండి దిగి, బురఖా కూడా తీయకుండా, చేతిలో సంచీతోనే లోపలికొచ్చింది.

"యా అల్లా! వీరక్కా!" అని మంచం పక్కన చతికిలబడింది. అమ్మ కళ్ళలో వెలుగొచ్చింది. ఎడమచేత్తో పిన్ని చెయ్యి పట్టుకుని, "వద్దా," అంది. గొంతు లేదు, గాలి మాత్రం వచ్చింది.

"ఇదే పిన్నీ," అన్నాను. "ఇదొక్కటే మాట. వద్దు, వద్దు. పది రోజులుగా చుక్క నీళ్ళు ముట్టడం లేదు."

పిన్ని నావైపు తిరిగి చూసింది. ఆ చూపు నేను మరిచిపోలేను.

"నీళ్ళు ముట్టనేదా? ఏటి మాటాడతన్నావు బేటీ? నీళ్ళే గదా అడుగుతంది!"

నాకు అర్థం కాలేదు. పిన్ని లేచి నా చెయ్యి పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకెళ్ళింది. తొట్టి దగ్గర మట్టిమూకుడు తీసి, అందులో నీళ్ళు పోసి, నేలమీద పెట్టి, "సిప్ సిప్ సిప్! వదా, వదా, వదా!" అని పిలిచింది.

గోడ కంతలోంచి, కట్టెల మోపు వెనకనుంచి, అరుగు కిందనుంచి కోళ్ళన్నీ పరుగెత్తుకొచ్చాయి. వచ్చి మూకుడులో ముక్కులు ముంచాయి.

"మీయమ్మ రోజూ ఇలాగే గదే పిలుస్తాది? ముప్పై ఏళ్ళ నుంచి గోడవతల ఇంటన్నాను. నా కోళ్ళక్కూడా ఇదే అలవాటు. వదా అంటే నీళ్ళే పిచ్చిదానా! నీకు తెలీదేటి?"

తెలుసు. విన్నాను. పుట్టినప్పటినుంచీ విన్నాను. అది కోళ్ళని పిలిచే చప్పుడనుకున్నాను. మనుషులతో మాట్లాడకూడదని ఒట్టు పెట్టుకున్న భాషని అమ్మ కోళ్ళతో మాట్లాడింది. మా ఇంట్లో రష్యన్ అర్థమైనవి కోళ్ళే.

వంటింట్లోకి పరుగెత్తాను. తలుపు వెనక, నేనే దాచిన చెంబు. గ్లాసులో పోసి తెచ్చి, "అమ్మా, వదా," అన్నాను. ఆ మాట నేను మొదటిసారి పలికాను. అమ్మ నన్ను చూసింది. మళ్ళీ ఎడమచెయ్యి విసిరింది, కానీ ఈసారి నాకు తెలిసింది, తోసేయడానికి కాదు, పట్టుకోవడానికి. పడిపోని చెయ్యే, అయినా వశంలో లేదు. పిన్ని ఆ చేతిని తన రెండు చేతుల్లో పట్టి గ్లాసుకి ఆనించింది. అమ్మ చెంచా తరవాత చెంచా, గుటక తరవాత గుటక తాగింది. మధ్యలో ఆగి, "పీత్" అంది. మళ్ళీ తాగింది. పీత్ అంటే తాగడమని అప్పుడు తెలిసింది. దాయ్ అంటే ఇమ్మని. నేను వంటింటి గోడకి తలకొట్టుకుని ఏడ్చాను. పిన్ని, "ఏడుపు తరవాత, ముందు ఇంకో గ్లాసు తే," అని కసిరింది.

అప్పుడు వీధిలో జీపు ఆగింది.

నాగేసు, వాడి వెనక ఎర్రగా కందిపోయిన నడివయసు మనిషి, చేతిలో టోపీ. నేను గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో ఆలోచించలేదు. శిబిరంలో ఆ పోలండు ఆవిడ ఎందుకు అబద్ధమాడిందో ఆలోచించి ఉంటుందా?

"పొరపాటైంది," అన్నాను, నాకొచ్చిన హిందీలో. "ఇక్కడ మీవాళ్ళెవరూ లేరు. మా అమ్మ తెలుగావిడ."

"అక్కా, ఏటిది?" అన్నాడు నాగేసు.

ఆయన నా పిల్లికళ్ళ వైపు చూశాడు, నాగేసు పిల్లికళ్ళ వైపు చూశాడు. సరిగ్గా అప్పుడే లోపలినుంచి అమ్మ గొంతు, నీళ్ళు పడి తేటపడ్డ గొంతు, స్పష్టంగా వినపడింది. "వదా!"

ఆయన తలెత్తాడు. ఆయన లోపలికి తొంగిచూడలేదు, బదులు పలకలేదు. నాతో నెమ్మదిగా, "పానీ. పానీ దీజియే ఉన్‌కో," అన్నాడు, ఆవిడకి నీళ్ళివ్వండని. టోపీ పెట్టుకుని జీపెక్కి వెళ్ళిపోయాడు. తరవాత సైటులో నాగేసుకి రోజూ ఎదురుపడినా ఒక్కనాడూ ఆ ప్రస్తావన తేలేదట.

ఆయన్ని లోపలికి రానిస్తే మిగిలిన మాటలన్నీ ఒక్కపూటలో తెలిసిపోయేవని నాగేసు నాతో వారం రోజులు మాట్లాడలేదు. వాడన్నదీ నిజమే కావచ్చు. కానీ అమ్మ తల తిప్పకుండా నేను కాపాడగలిగిన రోజు అదొక్కటే. దాన్ని వదులుకోలేకపోయాను.

జూన్ నుంచి

వానలు పడ్డాయి. ఆ సోమవారం ఆసుపత్రికి వెళ్ళక్కర్లేకపోయింది. నేను ఒక నోట్‌బుక్కు కొని, అమ్మ నోట వచ్చే ప్రతి మాటా తెలుగు అక్షరాల్లో రాసుకోవడం మొదలుపెట్టాను. అర్థం చెప్పేది జైతూన్ పిన్ని. ఆవిడకి తెలియకపోతే కోళ్ళతో పరీక్ష. "ఇదీ, ఇదీ" అని అమ్మ అంటుంటే, ఏది కావాలో తెలియక గదిలో సామానంతా చూపించాను. అది పొమ్మనడమని పిన్ని చెప్పింది. అమ్మ నన్నే పొమ్మంటోందన్నమాట. నన్ను చూస్తే "దోచ్కా" అనేది, తమ్ముణ్ణి చూస్తే వేరే మాట. దోచ్కాకి అర్థం చెప్పడానికి ఏ కోడీ పనికిరాలేదు. నా చెంప మీద చెయ్యి పెట్టి అనేది కనుక, చెప్పక్కర్లేకపోయింది.

తెలుగు చాలా నెమ్మదిగా వచ్చింది. ఆగస్టులో "నాగేసు" అంది. దసరాకి "ఎండ" అంది. మిగతాదంతా రష్యన్. ఆ నెలల్లో నాకో కొత్త బాధ పట్టుకుంది. బజారులో జనాన్ని నోరు మూయించిన అమ్మ, మామ్మకి దీటుగా తిట్టిన అమ్మ, కుళాయి దగ్గర బిందె కదలనివ్వని అమ్మ, ఆ మనిషంతా తెలుగులోనే ఉండేది. ఆ మనిషి మళ్ళీ రాదేమో అనుకున్నాను. మిగిలిన ఈ నెమ్మదైన రష్యా ముసలావిడని ప్రేమించడం నేర్చుకోవాలని నాకు నేనే చెప్పుకున్నాను. ఎక్స్ఛేంజిలో ఇప్పుడు నంబరు రెండోసారి కూడా అడుగుతున్నాను. "ఏమైంది సుశీలా?" అంటారు సూపర్‌వైజరు గారు. ఏమీ కాలేదండీ, వింటున్నాను, అంటాను.

మొన్న పుష్యమాసంలో, డ్యూటీ దిగి మూడు గంటలకి అమ్మ దగ్గరికి వెళ్ళాను. అరుగు మీద, గోడవారన, ఎండలో కూర్చుని ఉంది. గోడ అవతల జైతూన్ పిన్ని ఎవర్నో కేకలేస్తోంది. కోళ్ళు అమ్మ పాదాల దగ్గర తిరుగుతున్నాయి. రోజూ చేసేటట్టే గ్లాసుతో నీళ్ళు తెచ్చి వంగి, "అమ్మా, వదా?" అన్నాను.

అమ్మ గ్లాసు వైపు చూసింది. తరవాత నా వైపు చూసింది, చిన్నప్పుడు లెక్క తప్పు చేస్తే చూసే చూపు. ఎడమచెయ్యి ఇప్పుడు వశంలోనే ఉంది. ఆ చేత్తో గ్లాసుని మెల్లగా, సరిగ్గా, పక్కకి జరిపింది.

"వద్దు," అంది. "దు" మీద గట్టిగా నొక్కి, పాతూరి ఆడవాళ్ళు అనేటట్టే. "చాయ్ ఎట్టు."

నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గోడ అవతల పిన్ని కేకలు ఆగిపోయాయి.

"ఏటి సూత్తన్నావు?" అంది అమ్మ.